ఆర్మీ నుంచి రిటైరై హైదరాబాద్‌లో స్థిరపడ్డాను. తోటి మాజీ సైనికుల కుటుంబాలకు ఏ సేవ చేస్తే ఉపయోగం?

సైనిక్‌పురి, తిరుమలగిరి, బొల్లారం వైపు ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. విరాళాల కన్నా వాళ్లకు ముందు కావాల్సింది కాగితాల పనిలో తోడు. పెన్షనర్ బతికే ఉన్నారని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టండి. పెద్దవాళ్ల వేలిముద్రలు అరిగిపోయి మెషీన్ పట్టదు. ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు వేసుకుని ముఖంతో చేయించండి. వెలుతురు ఎదురుగా పడాలి, వెనక కిటికీ ఉంటే ఫెయిలవుతుంది. స్పర్శ్‌లోకి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) మారిన పెన్షన్ అయితే, యాప్‌లో పెన్షన్ ఇచ్చే సంస్థ అని అడిగే చోట బ్యాంకు పేరు కాకుండా ‘స్పర్శ్ - పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్’ ఎంచుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. సర్టిఫికెట్ తయారవుతుంది కానీ చేరాల్సిన చోటికి చేరదు, ఆనక పెన్షన్ ఆగుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. మాజీ సైనికుడు బతికుండగానే ఆయన భార్య పేరు, పుట్టిన తేదీ పీపీఓలోనూ (పెన్షన్ మంజూరు పత్రం) ఆధార్‌లోనూ ఒకేలా ఉన్నాయేమో చూడండి. ఒకచోట లక్ష్మమ్మ, ఇంకోచోట లక్ష్మి అని ఉండటం మనవైపు మామూలే. ఆయన పోయాక ఆ చిన్న తేడాతోనే ఫ్యామిలీ పెన్షన్ ఆగి, ఆ తల్లి ఆఫీసుల చుట్టూ తిరగాల్సొస్తుంది. తేడా కనిపిస్తే ఇప్పుడే ఆయన సర్వీసు రికార్డులుండే ఆర్మీ రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టించండి. ఏ కాగితాలు జతచేయాలో సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. ఓటీపీ మాత్రం వాళ్ల చేతే కొట్టించండి, పాస్‌వర్డ్‌లు మీ దగ్గర రాసిపెట్టుకోవద్దు.