చంద్రుడు నడినెత్తికొచ్చినా పోటు ఎందుకు రాలేదు?

చంద్రుడు నడినెత్తికి వచ్చే వేళకే సముద్రపు పోటు వస్తుందని మీరు లెక్కేస్తే మూడు గంటలు తేడా వచ్చిందన్నారు. మీ కూడికలో తప్పేమీ లేదు, మొదట పట్టుకున్న సూత్రమే సరిపోదు. పోటు నిజానికి చాలా పొడవైన అల. ఖండాలు దానికి అడ్డుపడతాయి, లోతు తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది. అందుకే ఆలస్యం రేవు రేవుకీ మారుతుంది.

పక్షం రోజులు చంద్రుడు నడినెత్తి దాటిన వేళ, ఆ తర్వాతి పోటు వేళ రాసుకుని, తేడాల సగటు తీయండి. ఇకపై చంద్రుడు నడినెత్తి దాటే వేళకు దాన్నే కలపండి. రోజుకు రెండు పోట్లు వచ్చే చోట తర్వాతిది సుమారు 12 గంటల 25 నిమిషాలకు వస్తుంది. పెద్ద పోటు కోసం పున్నమినాడే చూడకండి, చాలాచోట్ల అది ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. ఎత్తు విషయంలో మాత్రం ఈ సగటును నమ్మొద్దు: గాలి పీడనం 1 మిల్లీబార్ తగ్గితే నీరు దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది.