పరుగుల మధ్య ఆగితే కండకు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

"వంద మీటర్లు పరిగెత్తాక కాళ్లలో సత్తువ ఉండదు. కాసేపు ఆగితే, ఏమీ తినకుండానే మళ్లీ వస్తుంది. ఎలా?" అని ఒకరు అడిగారు. ఆ కాసేపటి గురించి ఎవరూ పట్టించుకోరు గానీ, అసలు పని జరిగేది అప్పుడే.

కాలేజీ రోజుల్లో మా కోచ్ అరవై మీటర్లు పరిగెత్తించి, ఊపిరి కుదుటపడకముందే మళ్లీ విజిల్ వేసేవారు. మూడోసారికే తొడలు బిగుసుకుపోయి, మోకాలు పైకి లేవనని మొరాయించేది. "బద్ధకం వదలండి" అని కేకలు! ఆయన తర్వాత వచ్చిన కోచ్ వాచీ చూసి మరీ మూడు నిమిషాలు ఆపేవారు. అదే ట్రాక్, అవే కాళ్లు. ఆరో పరుగు కూడా దాదాపు మొదటిదానంత వేగంగా వచ్చేది. బద్ధకం ఎక్కడికి పోయినట్టు?

కండ ఖర్చుపెట్టేది ఏటీపీని, అంటే కణాలు నేరుగా వాడుకునే శక్తి అణువును. అది రెండు మూడు సెకన్లకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. ఖర్చైన దాన్ని కండలోనే ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే మరో పదార్థం వెంటవెంటనే తిరిగి తయారుచేస్తుంది. పూర్తి వేగంతో పరిగెత్తితే పది సెకన్లకల్లా ఆ క్రియాటిన్ ఫాస్ఫేట్ నిల్వ కూడా చాలావరకు అడుగంటుతుంది. ఆగాక సుమారు అర నిమిషంలో సగం, మూడు నుంచి ఐదు నిమిషాల్లో దాదాపు అంతా మళ్లీ నిండుతుంది. అందుకు ఆక్సిజన్ కావాలి. పరుగు ఆపినా రొప్పు వెంటనే ఆగకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఈ క్రియాటిన్ ఫాస్ఫేట్‌ను 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కనుగొన్నది మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1929లో ఏటీపీ గురించి ప్రకటించినవాళ్లలోనూ వాళ్లిద్దరూ ఉన్నారు. జిమ్‌లో క్రియాటిన్ డబ్బా పట్టుకు తిరిగే కుర్రాళ్లకు ఆయన పేరు చెబితే "ఎవరాయన?" అంటారు. నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో మాట. మర్నాటి ఒళ్లు నొప్పులకు లాక్టిక్ యాసిడ్ పేరు చెప్పే ట్రైనర్లను నమ్మకండి. పరుగులో పెరిగిన లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం) గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె, మిగతా కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి, కాలేయం గ్లూకోజ్‌గా మారుస్తుంది. మర్నాటి నొప్పి అలవాటులేని శ్రమకు కండపోగులు సూక్ష్మంగా దెబ్బతినడం వల్ల వచ్చేది.

కాబట్టి వేగం కోసమైతే పరుగుకీ పరుగుకీ మధ్య కనీసం మూడు నిమిషాలు అడిగి తీసుకోండి. గంటలకొద్దీ సాధన చేసిన రోజున మాత్రం ఆ లెక్క చాలదు. కండలోని గ్లైకోజెన్, అంటే దాచుకున్న గ్లూకోజ్ నిల్వ కూడా తరిగిపోయి ఉంటుంది. అది నిండాలంటే పిండిపదార్థాలు బాగా తినాలి, సుమారు ఒక రోజు పడుతుంది.