పింగళలో బాగ్దాద్, కాళయుక్తిలో లండన్

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని, ‘అదే సమయంలో’ అన్న మాట కనబడిన చోటల్లా సున్నా చుట్టుకుంటూ పోయాను. ముప్ఫై ఏడు తేలాయి. బాగ్దాద్ తగలబడుతోంది, అదే సమయంలో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రభువులు రాజును నిలదీస్తున్నారు, అదే సమయంలో షీరాజ్‌లో పారశీక కవి సాదీ ‘గులిస్తాన్’ ముగిస్తున్నాడు. ఇదేం నవలమ్మా, రేడియో వార్తలా ఉంది.

1258 మంచి ఏడాదే ఎంచుకున్నావు. కానీ అది అందరికీ 1258 కాదు. బాగ్దాద్ వాళ్లకది హిజ్రీ 656. ఓరుగల్లులో అప్పుడు గణపతిదేవుడి పాలన. శాసనం చెక్కిస్తే శక సంవత్సరం, పక్కన మన అరవై పేర్లలో ఒకటి. లెక్కగట్టి చూశాను. బాగ్దాద్ లొంగిపోయింది ఫిబ్రవరి 10న. ఉగాది ఇంకా రాలేదు కాబట్టి మనవాళ్లకది పింగళ. ఆక్స్‌ఫర్డ్ సభ జూన్‌లో. అప్పటికి కాళయుక్తి వచ్చేసింది. నువ్వు ఒకే ఏడాది అనుకున్నది ఓరుగల్లు అరుగు మీద కూర్చుని చూస్తే రెండేళ్లు. అంచేత ఒకే ఏట జరిగాయన్నంత మాత్రాన వాటికి చుట్టరికం కలవదు. సాదీకి బాగ్దాద్‌తో నిజంగానే బంధం ఉంది, ఆ నగరం మీద ఆయన అరబ్బీలో విలాప గీతం రాశాడు. దాన్ని మాత్రం నువ్వు వదిలేశావు!

ఇక ముట్టడి. టైగ్రిస్ నీళ్లు పుస్తకాల సిరాతో నల్లబడ్డాయని నువ్వూ రాశావు. అది అందరూ రాసేదే. నేనైతే రాళ్ల దగ్గర మొదలుపెడతాను. బాగ్దాద్ చుట్టూ ఉన్నది ఒండ్రు నేల, వడిసెల యంత్రాల్లో పెట్టడానికి రాయి దొరకదు. ముట్టడించిన మంగోలు నాయకుడు హులాగూ మనుషులు జలూలా నుంచి, హమ్రీన్ కొండల నుంచి రాళ్లు మోయించారు. అవీ చాలక ఖర్జూరపు చెట్లు నరికి ఆ మొద్దుల్నే విసిరారు. తాత నాటిన తోట ముక్కలై గోడ మీదుగా వచ్చి తన వీధిలోనే పడుతుంటే చూసే మనిషి ఒకడు నీ నవలలో ఉండాలి. వాడి చేత ఒక్క చెట్టునైనా గుర్తుపట్టించు.

చనిపోయినవాళ్లు ఎనిమిది లక్షలని ఢంకా బజాయించావు. వయసులో ఉన్నప్పుడు నేనూ ఒక వారపత్రిక కథలో అదే అంకె వేశాను. ఎవరో పాఠకుడు కార్డు ముక్క మీద ఒకే ప్రశ్న రాసి పంపాడు: “లెక్కపెట్టిందెవరు బాబూ?” ఆ కార్డు చాలా ఏళ్లు నా బల్ల మీదే ఉంది. ఎనిమిది లక్షలన్నది తర్వాతి శతాబ్దపు పారశీక చరిత్రకారుడు ముస్తౌఫీ మాట. హులాగూ అయితే ఫ్రాన్స్ రాజుకు రాసిన ఉత్తరంలో రెండు లక్షల పైచిలుకని చెప్పుకున్నాడు. నువ్వు చెబితే అది లెక్క. అదే హులాగూ నోట పలికిస్తే గొప్పలు, ఆ గొప్పల్లో మనిషి కనిపిస్తాడు.

ఖలీఫా చావూ అంతే. రాజరక్తం నేల మీద పడకూడదని తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారన్నది ఒక కథ. బంగారం పోగుల మధ్య బంధించి ఆకలితో చంపారన్నది మార్కో పోలో కథ. పోలో వర్తకుల ఇంటి బిడ్డ, ఆయన చెప్పే కథలోకి బంగారం రాక ఏం చేస్తుంది?

ఇంగ్లండ్ భాగంలో సభను కాస్త కుదించు. అక్టోబరులో రాజు పేర ప్రకటన లాటిన్, ఫ్రెంచి భాషలతోపాటు ఇంగ్లీషులోనూ వెలువడింది, అదొక్కటీ ఉంచు. మిగతా చోటంతా ఆకలికివ్వు. సెయింట్ ఆల్బన్స్ మఠంలో మాథ్యూ పారిస్ అనే సన్యాసి రాసిపెట్టాడు: ఉబ్బి, నల్లబడిన శవాలు అయిదూ ఆరేసి చొప్పున పందుల దొడ్లలో, పెంటకుప్పల మీద, బురద వీధుల్లో పడి ఉన్నాయట. జర్మనీ నుంచి ధాన్యం ఓడలొచ్చాయట. పంటల్ని దెబ్బతీసిన ఆ ఏటి చలి ఎక్కడిదో ఆయనకు తెలీదు. 1257లో ఇప్పటి ఇండోనేషియాలోని లొంబోక్ దీవిలో సమలాస్ అనే అగ్నికొండ పేలింది. దాని ఆనవాళ్లు గ్రీన్‌లాండ్ మంచులోనూ అంటార్కిటికా మంచులోనూ ఉన్నాయి. అవి ఈ కొండవేనని శాస్త్రజ్ఞులు 2013లో గానీ తేల్చలేదు. అలాగని కరువంతా కొండ నెత్తిన రుద్దకు, అంతకుముందే అక్కడ పంట దెబ్బతింది.

దీన్ని నువ్వు పదకొండో అధ్యాయంలో రెండు వాక్యాల్లో తేల్చేశావు. ఆ కొండ కింద పమతన్ అనే ఊరుండేది. ఇళ్లు సముద్రంలోకి కొట్టుకుపోయాయనీ, ఏడు రోజులు భూమి కంపించిందనీ, బతికినవాళ్లు గుట్టలెక్కారనీ ‘బాబద్ లొంబోక్’ తాటాకుల్లో ఉంది. ఆ ఊరు సరిగ్గా ఎక్కడుండేదో ఇంకా తేలలేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పదకొండో అధ్యాయం తిరగరాసి పట్టుకురా. అక్షరాలు కొంచెం పెద్దవి వెయ్యి, కళ్లజోడు నంబరు మళ్లీ మారింది.

ఉంటాను.