కలల డ్రమ్ సెట్ కథ రాస్తున్న తమ్ముడికి

విశాఖపట్నం

ప్రియమైన తమ్ముడూ,

నీ కథ చదివాను. పెళ్లి ప్రోగ్రాం ముగించుకుని అర్ధరాత్రి ఆర్కే బీచ్ గోడ మీద కూర్చున్న ముగ్గురు డ్రమ్మర్లు, డబ్బుకు లోటు లేకపోతే ఎలాంటి సెట్ కొంటావని ఒకరినొకరు అడుగుతారు. ఎంత మంచి సందర్భం పట్టావో నీకు తెలుసో లేదో! ఏం కావాలని అడిగితే మనిషి తన బతుకంతా చెప్పేస్తాడు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

అయితే ముగ్గురూ నోరు విప్పగానే కథ ఆగిపోయింది. ఒకడు కాలితో వాయించే 22 అంగుళాల బేస్ డ్రమ్, మేపుల్ కర్రతో చేసిన షెల్ (డ్రమ్ గుండ్రటి ఒళ్లు), 14 అంగుళాల హైహ్యాట్, 20 అంగుళాల రైడ్ సింబల్స్ అంటాడు. రెండోవాడు కొలతలు కాస్త మారుస్తాడు, మూడోవాడు కంపెనీ పేరు మారుస్తాడు. శ్రద్ధగా తెలుసుకుని రాశావు, ఏదీ తప్పు కాదు. కానీ సరుకుల చీటీ చదివినట్టుంది. ఒకడి మాట ఇంకొకడి నోట్లో పెట్టినా నాకు తేడా తెలియదు.

ఏ డ్రమ్మరూ ఊరికే కోరుకోడు. వాయించేటప్పుడు చెయ్యి ఎక్కడ అడ్డుపడిందో, చెవికి ఏది చాలలేదో, కోరిక అక్కడ మొదలవుతుంది. అసలు డ్రమ్ సెట్ తయారైందే అలా. షికాగోలో విలియం లడ్విగ్ అనే డ్రమ్మరు ఉండేవాడు. అప్పటి బేస్ డ్రమ్ పెడళ్లు ర్యాగ్‌టైమ్ పాటల వేగాన్ని అందుకునేవి కావు. కాలు వెనకబడిపోతోందని తనే చురుకైన పెడల్ ఒకటి చేసుకున్నాడు. 1909లో తమ్ముడు థియోబాల్డ్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. 1930లలో జీన్ క్రూపా అనే డ్రమ్మరుది ఇంకో ఇబ్బంది. టామ్‌ల (సెట్‌లో పుల్లలతో కొట్టే డ్రమ్ముల) చర్మాన్ని మేకులు కొట్టి బిగించేసేవారు, శ్రుతి చేసుకునే వీలుండేది కాదు. పైనా కిందా రెండు వైపులా శ్రుతి చేసుకోగల టామ్ కావాలని స్లింగర్‌లాండ్ కంపెనీ చేత చేయించుకున్నాడు. ఈ రోజు మన ఊళ్లో పిల్లలు నేర్చుకునే సెట్‌లో కూడా ఆ కోరిక ఉంది. నీ ముగ్గురికీ ఇలాంటి ఇబ్బంది ఒక్కొక్కటి ఇవ్వు. వాళ్లు అడిగే కొలతలు వాటంతట అవే మారిపోతాయి.

ముగ్గురిలో గాజువాక అతన్నే తీసుకో. ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. కేసులు ఆటోలో ఎక్కించాలి, ఫంక్షన్ హాల్ మెట్లెక్కించాలి, స్టాండ్లు బిగించాలి, భోజనాలయ్యాక అన్నీ విప్పి మళ్లీ మొయ్యాలి. స్టాండ్ల బరువు ఎంతో మోసినవాడికే తెలుసు. అలాంటివాడు 22 అంగుళాల బేస్ డ్రమ్‌తో మొదలుపెడతాడా? ముందు అతని నడుము మాట్లాడుతుంది. తేలికపాటి స్టాండ్లు, చేత్తో పట్టుకెళ్లే 18 అంగుళాల బేస్ డ్రమ్ అంటాడు. లేదా ఎన్నడూ విప్పక్కర్లేకుండా సొంత గదిలో శాశ్వతంగా నిలబడి ఉండే సెట్ అంటాడు. ఇంకో సంగతి, ఆక్టోప్యాడ్ (డ్రమ్ శబ్దాలు పలికే ఎలక్ట్రానిక్ రబ్బరు ప్యాడ్లు) వచ్చాక ఇలాంటివాళ్లను చాలామంది 'ప్యాడ్స్ తెచ్చుకో, చాలు' అంటున్నారు. స్టేజీ మీద చోటు మిగులుతుంది, ఆటో ఖర్చు మిగులుతుంది. ప్యాడ్ కొడితే శబ్దం పక్కనున్న స్పీకర్‌లోంచి వస్తుంది. బేస్ డ్రమ్ తన్నితే గాలి కదిలి ఒంటికి తగులుతుంది.

ఇతని తాత తప్పెటగుళ్లు ఆడేవాడని మొదటి పేజీలో ఒక్క వాక్యం రాసి వదిలేశావు. తమ్ముడూ, నీ కథంతా ఆ వాక్యంలోనే ఉంది! తప్పెట గుండెల మీద కట్టుకుని, వాయిస్తూ పాడుతూ గెంతే ఆట అది. వాయించేవాడి రొమ్మే ఆ వాయిద్యానికి స్టాండు. అలాంటి తాత మనవడు రబ్బరు ప్యాడ్ల మీద కొట్టుకుంటున్నాడు, దరువు ఒంటికి తగలడం లేదు. అతని చేత 'వార్మ్ టోన్ కావాలి' అనిపించావు. అది కంపెనీవాళ్ల మాట. గాజువాక మనిషి 'కొడితే గుండెల్లో పడాల గురూ' అంటాడు. ఆ ఒక్క మాటతో తాత గుర్తొస్తాడు, తాత గురించి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

వన్‌టౌన్ చర్చిలో వాయించే అబ్బాయిది పూర్తిగా వేరే లోకం. ఎత్తైన కప్పు, ఖాళీ గోడలు, కొట్టిన దెబ్బ ఎంతకీ చావదు. పాట మింగేస్తున్నావని అందరూ అతన్నే అంటారు. అతనికి చిన్న సైజు డ్రమ్ములు, త్వరగా ఆగిపోయే శబ్దం, మెల్లగా వాయించినా పలికే స్నేర్ డ్రమ్ కావాలి. ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ కుర్రాడికి చప్పుడు తగ్గించే మెష్ హెడ్స్ (జాలీ పొరలు) ఉన్న ఎలక్ట్రానిక్ సెట్ ఉండనే ఉంది. అయినా పెడల్ తొక్కుడు కింది ఇంటి కప్పులోకి దిగుతుంది, పది దాటితే ఫోన్ వస్తుంది. వీడు సెట్ గురించి ఎంత మాట్లాడినా మనసులో ఉన్నది ఒక గది.

సింబల్స్‌ని, అంటే పళ్లాల్లాంటి ఆ తాళాలని, చివర్లో మొక్కుబడిగా చెప్పించావు. చాలామంది డ్రమ్మర్లు అక్కడే మొదలుపెడతారు. మామూలు షెల్‌కి మంచి హెడ్స్ వేసి ఓపిగ్గా శ్రుతి చేస్తే పలుకుతుంది. నాసిరకం సింబల్‌ని మాత్రం ఎవరూ బాగుచెయ్యలేరు. మంచివాటిలో చాలావరకు కంచువి, నూటికి 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. జిల్జియాన్ అనే కంపెనీవాళ్లు 1623 నుంచి, కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) రోజుల నుంచి ఇదే పనిలో ఉన్నారు. మన ఉప్పుగాలికి వాటి మీద పచ్చటి చిలుము పడుతుంది, స్టాండ్ల మరలు తుప్పు పడతాయి. సముద్రానికి ఇంత దగ్గర్లో కూర్చుని ముగ్గురు డ్రమ్మర్లు తుప్పు మాటే ఎత్తకపోవడం నాకు నమ్మబుద్ధి కాలేదు. పాత సింబల్‌ని తళతళా తోమాలా, మాసిన కొద్దీ గొంతు మెత్తబడుతుందని వదిలెయ్యాలా అని వాళ్లను వాదించుకోనీ. ఆ వాదనలో ముగ్గురి స్వభావాలూ బయటపడతాయి.

ఇంకొకటి. డ్రమ్ములకు చర్మం బిగించే రోజుల్లో తేమకు డ్రమ్ వదులైపోయేది. 1957లో రెమో బెల్లి అనే డ్రమ్మరు మైలార్ అనే ప్లాస్టిక్ హెడ్స్ తెచ్చాక ఆ బాధ తగ్గింది. మన తోలు డప్పు మాత్రం ఇప్పటికీ మంట దగ్గర కాగాలి. ఇది కథలో పట్టకపోతే వదిలెయ్, నీకు తెలిసి ఉంటే చాలు.

చివర్లో మేనమామ అమెరికా నుంచి సెట్ పంపే ఘట్టం తీసెయ్. సెట్ చేతికొస్తే వాళ్లకు మాట్లాడుకోవడానికేమీ ఉండదు. తెల్లవారి ఆటోవాడు వచ్చి కేసులు ఎక్కించండనే చోట ఆపొచ్చు.

తిరగరాసే ముందు ఎవరైనా డ్రమ్మరు సెట్ బిగిస్తుంటే మొదట్నుంచీ కూర్చుని చూడు. ఏది ముందు పెడతాడు, స్టూల్ ఎత్తు ఎలా సరిచూసుకుంటాడు, ఏ మరను అనుమానంగా ఇంకోసారి తిప్పుతాడు, రాసుకో. కలల సెట్ గురించి అతన్ని నేరుగా అడక్కు. ఇప్పుడున్న దానిలో ఏది చిరాకు పెడుతుందో అడుగు. కొత్త ప్రతి సంక్రాంతి లోపు పంపితే, పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ అక్కయ్య