డీబీఏ కాబోతున్న చిన్నికి

చిన్నీ,

కోడింగ్ వదిలి విజయవాడలో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగానే ఉందమ్మా. మీ పెద్దమ్మతో ఆ మాట ఇప్పటికే రెండుమూడుసార్లు అన్నాను. రాత్రి మాత్రం నిద్ర సరిగా పట్టలేదు. కోడ్‌లో బగ్ వస్తే సరిచేసి మళ్లీ పంపుతారు. డేటా పోతే ఎక్కణ్ణుంచి తెస్తావ్?

తెలిసినవి చెప్పి విసిగించను. పాస్‌వర్డులు కోడ్‌లో పెట్టనివ్వకు. యూజర్ టైప్ చేసింది నేరుగా క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) అతికించకుండా, విలువల్ని విడిగా పంపే బైండ్ వేరియబుల్స్ వాడమను. క్వెరీ నత్తలా నడుస్తోందని కనిపించిన ప్రతి కాలమ్‌కీ ఇండెక్స్ (త్వరగా వెతికే సూచీ) వేసేయకు, అది ఎలా నడుస్తోందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ముందు చూడు.

ఇక నా భయం సంగతి. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి మేం సాఫ్ట్‌వేర్ చేసిపెట్టాం. మిర్చి సీజన్. ఎవరి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, ఏ ఛాంబర్లో ఉన్నాయి, అంతా ఆ డేటాబేస్‌లోనే. ఒక లాటును తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు మార్చాలి. మాతో పనిచేసే కుర్రాడు అప్‌డేట్ రాశాడు, కింది లైన్లో ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ క్లాజ్ కూడా రాశాడు. రన్ చేసేటప్పుడు మాత్రం పై లైను ఒక్కటే సెలెక్ట్ అయింది. గోడౌన్‌లోని సరుకంతా ఒకే రైతుదైపోయింది. ఆటోకమిట్ ఆన్‌లో ఉంది, అంటే కొట్టగానే మార్పు ఖాయం, వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ లేదు.

వాణ్ణి ఆ ఒక్క లైనుకి ఇప్పటికీ తప్పుపట్టను. మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు చూడు, అదీ నాకు కోపం. తనే సర్దేద్దామని కూర్చున్నాడు. ఈలోగా గేటు దగ్గర గుమాస్తా కొత్త లారీల సరుకు కంప్యూటర్లో ఎక్కిస్తూనే ఉన్నాడు, చిక్కు మీద చిక్కు పడింది. సరే, బ్యాకప్ ఉందిగా అనుకున్నాం. రోజూ రాత్రి నడుస్తోంది, పొద్దున్నే ఫోల్డర్‌లో తేదీతో సహా ఫైల్ కనిపిస్తోంది. చూస్తే సున్నా కేబీ! డిస్క్ నిండిపోయి వారాల తరబడి ఖాళీ ఫైళ్లే పడుతున్నాయి. వాటి సైజు చూసిన నాథుడు లేడు.

చివరికి కార్బన్ కాపీ రసీదు పుస్తకాలే దిక్కయ్యాయి. ఆఫీసు గదిలో నేల మీద పరుచుకుని కూర్చున్నాం, ఒకరు చదవడం, ఒకరు టైప్ కొట్టడం. ఘాటుకి తుమ్ములు, ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటే మంట. మసకబారిన అంకె 3 అని ఒకడు, 8 అని ఒకడు. తేల్చుకోవడానికి ఆ చల్లటి ఛాంబర్లోకి వెళ్లి టిక్కీల మీద మార్కు చూసి రావాలి. గుమ్మంలో ఒక పెద్దాయన 'నా సరుకు ఉందా లేదా, అది చెప్పండయ్యా' అని అడుగుతూనే ఉన్నాడు. దాని మీద బ్యాంకు అప్పు ఉందట. లోపల భద్రంగా ఉంది తాతా, కంప్యూటర్లోనే లేదు అంటే ఆయన నమ్మలేదు. ఎలా నమ్ముతాడు?

పెద్ద కంపెనీలకు ఇలా జరగదనుకోకు. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీదే డేటా డైరెక్టరీ తుడిచేశాడు. బ్యాకప్ తీసే పీజీ డంప్ అనే టూల్ వెర్షన్ తేడా వల్ల బ్యాకప్ ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు కూడా చేరడం లేదు. ఆరు గంటల ముందు ఇంకో పని కోసం తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) ఉండబట్టి బయటపడ్డారు. జరిగింది మాత్రం దాచలేదు, రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు.

నువ్వేమో లెక్కల మార్కులు తగ్గాయని ప్రోగ్రెస్ కార్డు బియ్యం డబ్బాలో దాచిన దానివి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. ఏదైనా జరిగితే ముందు నోరు విప్పు, తర్వాత సరిచెయ్యి. తిడతారు. పడు. చచ్చిపోవు.

అప్‌డేట్‌కి ముందు అదే వేర్‌తో, వరుసల్ని చూపించడమే తప్ప మార్చని సెలెక్ట్ కొట్టి ఎన్ని వరుసలో చూసుకో. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, లెక్క సరిపోతేనే కమిట్. మైఎస్‌క్యూఎల్‌లో వేర్ లేని అప్‌డేట్‌ని ఆపే సేఫ్ అప్‌డేట్స్ అనే ఆప్షన్ ఉంది, దానికి వాళ్లే పెట్టిన ఇంకో పేరు 'ఐ యామ్ ఎ డమ్మీ'. సిగ్గుపడకుండా పెట్టుకో. టేబుల్‌నే మార్చే కమాండ్లతో ఇంకా జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్‌లో చాలావాటిని వెనక్కి తీసుకోవచ్చు కానీ, ఒరాకిల్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో వాటంతటవే కమిట్ అయిపోతాయి.

చేరగానే, బ్యాకప్ నుంచి డేటాని ఆఖరిసారి రిస్టోర్ చేసి చూసింది ఎప్పుడో అడుగు. ముఖాలు చూసుకున్నారంటే ఆ వారమే ఖాళీ మెషిన్ మీద నువ్వే చేసి, ఎంతసేపు పట్టిందో రాసిపెట్టు. ఇంకో కాపీ ఊరి బయట ఉండాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది మర్చిపోయావా? సర్వరూ బ్యాకప్ డిస్కూ కింది అంతస్తులో ఒకే గదిలో ఉంటే రెండూ కలిసే మునుగుతాయి.

రాత్రిపూట మెయింటెనెన్స్ ఉంటే ఖాళీ కడుపుతో కూర్చోకు. ప్రొడక్షన్ మీద, అంటే జనం వాడుతున్న అసలు డేటాబేస్ మీద, ఏదైనా కొట్టాల్సి వచ్చి పక్కన ఎవరూ లేకపోతే నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే. మీ కొత్త వెర్షన్లు నాకు తెలియవు. ఎంటర్ నొక్కే ముందు కమాండ్ మొత్తం పైకి చదివి వినిపించు, వేర్ ఉందో లేదో నేను వింటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న
బ్రాడీపేట, గుంటూరు