తడి బండ, రాత్రి మాత్ర

ప్రశ్న: అమ్మకు 74 ఏళ్లు. ప్రొద్దుటూరులో ఒక్కతే ఉంటుంది, నేను బెంగళూరులో. రెండు నెలల్లో రెండుసార్లు బాత్రూంలో జారిపడింది. నేలకు కడప బండలు వేయించాం. బీపీ మాత్ర రాత్రిపూట వేసుకుంటుంది. ఏం మార్చాలి?

జవాబు: రెండుసార్లూ ఒకే చోట పడ్డారు కాబట్టి వయసు మాట పక్కనపెట్టి ముందు ఆ నేల సంగతి చూడండి. నున్నటి కడప బండ మీద సబ్బునీళ్లు, తలంటు నూనె కలిసి కంటికి ఆనని పొర కడతాయి. పొడిగా ఉన్నంతసేపూ కాలు నిలుస్తుంది, తడిస్తే జారుతుంది. దాన్ని వదిలించాలని యాసిడ్ మాత్రం పోయొద్దు. కడప బండ సున్నపురాయి, యాసిడ్ దాన్ని తినేస్తుంది. ఆ గుంటల్లో జిడ్డు ఇంకా పట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు వేడినీళ్లు, సబ్బుపొడి వేసి గట్టి బ్రష్షుతో రుద్దించి, బాగా కడిగించండి. స్నానం చేసే చోట రాతిపనివాళ్లతో పైపైన ఉలిగాట్లు పెట్టించండి. లోతుగా కొడితే బండ పొరలు లేస్తుంది.

టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు. జారేటప్పుడు చెయ్యి దాని మీదికే పోతుంది, అది ఊడి చేతికొస్తుంది. సుమారు 35 మి.మీ. లావు స్టీలు కడ్డీలు, నేల నుంచి 80-90 సెం.మీ. ఎత్తున, కమోడ్ పక్కన ఒకటి, స్నానం దగ్గర ఒకటి బిగించండి. స్క్రూ సిమెంటు పూతలోనే ఆగిపోకుండా ఇటుకలోకి దిగాలి. బిగించాక మీరే బరువంతా వేసి లాగి చూడండి.

బకెట్ నేల మీదుంటే చెంబు చెంబుకూ వంగి లేవాలి, అక్కడే తల తిరుగుతుంది. బకెట్‌ను ఎత్తుపీట మీద పెట్టి, అమ్మను చేతులున్న కుర్చీలో కూర్చుని పోసుకోమనండి.

తలుపు లోపలికి తెరుచుకునేదైతే తప్పక మార్పించండి. పడిన మనిషి దానికే అడ్డమైతే బయటివాళ్లు నెట్టలేరు. గొళ్లెం బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించి, ఇంటి తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇవ్వండి.

ఇక మాత్ర. అయిదు నిమిషాలు పడుకున్నాక ఒకసారి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ బీపీ చూసి రాయించండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంటే ఆ కాగితం డాక్టరుకు చూపండి. అది మూత్రం ఎక్కువగా పోయించే మాత్రయితే పొద్దున వేసుకోవచ్చేమో అడగండి. సొంతంగా మానడం వద్దు. రాత్రి లేచినప్పుడు కాళ్లు కిందికి వేసి, ఒకటి రెండు నిమిషాలు మంచం అంచున కూర్చున్నాకే నడవాలి.

మళ్లీ పడితే, కాలు పొట్టిగా అయి బయటికి తిరిగినట్టున్నా, దాని మీద నిలబడలేకపోయినా రెక్కలు పట్టి లేపకుండా 108కి ఫోన్ చేయండి. రక్తం పలుచనయ్యే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ప్రశ్న: నాన్నకు ఎడమ మోకాలు నొప్పి. చేతికర్ర ఎడమ చేత్తోనే పట్టుకుంటున్నాడు. సరైనదేనా? (అనంతపురం)

జవాబు: కాదు, కుడిచేత్తో పట్టుకోవాలి. కర్ర, ఎడమ కాలు కలిసి ముందుకు పడితే ఆ మోకాలి మీద బరువు తగ్గుతుంది. చెప్పులేసుకుని నిలబడి చెయ్యి కిందికి వదిలితే కర్ర పిడి మణికట్టు మడతకు రావాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. కర్ర అడుగున రబ్బరు బూటు గీతలు అరిగి నున్నబడితే ఆ రోజే మార్చేయండి.