అంజీర మొక్క కొనే ముందు

చెల్లీ, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు కొన్నామని, హనుమకొండలో మీ అమ్మగారింటి వెనుక మేడిచెట్టు గుర్తొచ్చి పెరట్లో ఐదు రకాల అంజీరలు పెట్టాలనుకుంటున్నామని రాశావు. ఏయే రకాలు కొనాలని అడిగావు. ముందే చెబుతున్నాను, ఇప్పుడే ఏదీ కొనకు. నాదీ హనుమకొండే. న్యూజెర్సీ చలిలో ఏళ్ల తరబడి అంజీర పండించి తింటున్నదాన్ని. ఈ విషయంలో నా మాట విను.

2010లో మేము ఇల్లు కొన్న కొత్తలో నేనూ నీలాగే ఉత్సాహపడ్డాను. బొమ్మలు చూసి బ్లాక్ మిషన్, కడోటా, కాలిమిర్నా, బ్రౌన్ టర్కీ అనే నాలుగు అంజీర రకాలు తెప్పించాను. ఒక్కో మొక్క 45 డాలర్లు. రవాణా ఖర్చుతో కలిపి రెండు వందలు దాటింది. అప్పుడు డాలరు 46 రూపాయలు ఉండేది, అంటే తొమ్మిది వేలకు పైమాటే. ఆ వారమే నాన్న ఫోనులో, వరంగల్ చౌరస్తాలో ఎండు అంజీర్ ధర అడిగి, మరీ ఎక్కువని కొనకుండా ఇంటికి వచ్చేశానని చెప్పారు. నా మొక్కల సంగతి ఆయనతో అనలేకపోయాను. ఇప్పటికీ మొక్క ధర చూసినప్పుడల్లా ఆ ఫోను గుర్తొస్తుంది.

ఆ నాలుగింటిలో నేను ఎక్కువగా ఆశ పెట్టుకున్నది కాలిమిర్నా మీద. ఎండబెడితే దాని రుచి మరి దేనికీ రాదని విన్నాను. చలికాలం గ్యారేజీలో దాచి, వేసవిలో బయట పెట్టి, మూడేళ్లు సాకాను. ఏటా రేగుపండంత కాయలు కాసేవి. పసుపెక్కేవి. ఉదయం లేచి చూస్తే మొక్క మొదలు దగ్గర రాలి ఉండేవి. నీళ్లు చాలలేదనుకుని నీళ్లు, బలం చాలలేదనుకుని ఎరువు. ఆ ఎరువులకు పెట్టిన డబ్బుతో ఇంకో రెండు మొక్కలు వచ్చేవి. అసలు కారణం వేరు. ఆ జాతి కాయ నిలవాలంటే మగ అంజీర పుప్పొడిని ఒక చిన్న కందిరీగ మోసుకురావాలి. ఆ కందిరీగ కాలిఫోర్నియాలో ఉంది, మన న్యూజెర్సీలో లేదు. కాలిఫోర్నియా రైతులకు కూడా 1899లో దాన్ని బయటి నుంచి తెచ్చి నిలదొక్కుకునేలా చేసేదాకా ఈ జాతి కాయలు రాలిపోతూనే ఉండేవి. మన మేడిపండు పొట్టలో కనిపించేవి కూడా ఇలాంటి కందిరీగలే. నువ్వు పురుగుల గురించి భయపడనక్కర్లేదు, పెరటికి పనికొచ్చే మామూలు రకాలు ఏ కందిరీగా లేకుండానే పండుతాయి.

మిగిలిన మూడింటినీ నేలలోనే నాటాను. మొదటి చలికాలానికే కడోటా పోయింది. బ్లాక్ మిషన్ నేలమట్టానికి ఎండి, వేసవిలో మళ్లీ చిగురించింది కానీ, అక్టోబరు మంచు పడేనాటికి కాయలు పచ్చిగానే ఉన్నాయి. బ్రౌన్ టర్కీ బతికింది, పండు మాత్రం నీళ్లగా ఉండేది.

నాకు అన్నింటికంటే మంచి చెట్టు ఇచ్చింది రెండిళ్ల అవతల ఉండే ఇటలీ పెద్దాయన. ఏటా చలికాలం ముందు చెట్టును వంచి, గోనెపట్టాతో చుట్టి, మట్టి కప్పేవాడు. మార్చిలో చిగురు రాకముందు ఒక కొమ్మ కోసి ఇచ్చాడు. పెన్సిలంత లావు, జానెడు పొడవు. ఖర్చు సున్నా. తడి ఆరని, బురద కాని మట్టిలో గుచ్చితే రెండు నెలల్లో వేళ్లు వచ్చాయి. దుకాణంలోనే కొనక తప్పకపోతే చికాగో హార్డీ తీసుకో. పై కొమ్మలు చచ్చినా ఆ ఏడాది కొత్త కొమ్మల మీదే కాసే రకం అది. నేలలో వద్దు, సుమారు 57 లీటర్ల కుండీ చాలు. ఆకులు రాలాక వేడి లేని గ్యారేజీలోకి తోసి, నెలకొకసారి చెంబుడు నీళ్లు పోయి. జూన్‌లో కొత్త కొమ్మకు ఐదారు ఆకులు రాగానే కొన గిల్లేస్తే కాయ త్వరగా పడుతుంది. గిల్లినచోట పాలు కారతాయి. అవి చర్మానికి తగిలి ఎండ పడితే బొబ్బలెక్కుతాయి, చేతికి తొడుగులు వేసుకో.

పండు ఎప్పుడు కోయాలో రంగు చూసి నిర్ణయించకు. కాయ మెడ వంగి, కిందికి వేలాడాలి. అడుగున కన్నులాంటి రంధ్రం దగ్గర ఒక తేనెచుక్క నిలవాలి. తొక్క మీద సన్నని తెల్లటి చీలికలు కనిపించాలి. పచ్చిగా కోస్తే ఆ తర్వాత ఇంట్లో మాగదు, మన మామిడికాయలా కాదు. అంత మెత్తబడిన పండు దూరం మోస్తే చితికిపోతుంది కనుక, దుకాణాల్లో డబ్బాకు అంత డబ్బు పోసి కొనేవి చాలావరకు సగం పండినవే. పెరటి పండు రుచి చూశాక వాటికి డబ్బు పెట్టబుద్ధి కాదు. నా నోటికి వయలెట్ డి బోర్డో అనే రకం అన్నింటికంటే చిక్కగా, రొట్టెకు రాసుకునే జామ్‌లా ఉంటుంది. సెలెస్ట్ అనే రకం పండు చిన్నదే కానీ చక్కెర. నీ నోటికి వేరేలా ఉండవచ్చు, అందుకే సెప్టెంబరులో పండ్లు ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి రుచి చూశాకే రెండో రకం సంగతి ఆలోచించు. అరుదైన రకమంటూ వేలంలో ఒక్క పుల్లకు అడిగే ధరలు చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి.

హనుమకొండ నుంచి మొక్కనో కొమ్మనో పెట్టెలో వేసుకుని రావద్దు, విమానాశ్రయంలో ఆపేస్తారు. నియమాలు నువ్వే చూసుకోగలవు. మీ అమ్మగారి పెరట్లో పెట్టించాలనుకుంటే అక్కడ చలి బాధ లేదు, పూణె రకం గానీ డయానా గానీ నాటించు. వానల్లో పండు పగులుతుంది, పుల్లబడుతుంది, అంతే.

మార్చి మొదటి వారంలో మా ఇంటికి రా. ఆ పెద్దాయన చెట్టు కొమ్మ ఒకటి, వయలెట్ డి బోర్డో కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి ఉంచుతాను. కుండీ కొనకు, గ్యారేజీలో రెండు ఖాళీగా ఉన్నాయి.